సున్నా టికెట్... నిండు బస్సు!

పొద్దున్నే తొర్రూరు వైపు నుంచి వచ్చే పల్లెవెలుగు వర్ధన్నపేట బస్టాండులోకి ఇంకా తిరగనే తిరగదు, జనంలో కదలిక మొదలవుతుంది. కాలేజీ బ్యాగులు, టిఫిను డబ్బాలు, కూరగాయల సంచులు, చంకలో పసిపిల్లలు... 'అక్కా, కొంచెం జరుగు', 'అవ్వా, కడ్డీ పట్టుకో' అన్న కేకల మధ్య కండక్టరు గొంతు ఖంగుమంటుంది.

'ఆధార్ కార్డులు చేతిల పట్టుకోండ్రి!'

ఒకప్పుడు ఆ మాట 'చిల్లర చేతిల పట్టుకోండ్రి' అని ఉండేది. ఆ ఒక్క మాట మారడం వెనక ఈ దారిలో తిరిగే ఆడవాళ్ల కథ చాలానే ఉంది.

దారి పొడుగునా అవసరాలే

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే 563వ నంబరు జాతీయ రహదారి మీద మామునూరు, పంథిని, ఇల్లంద దాటితే వచ్చే ఊరు వర్ధన్నపేట. వరంగల్‌కు ఇంచుమించు 30 కిలోమీటర్లు. ఇంకా ముందుకు సాగితే రాయపర్తి, తొర్రూరు, మరిపెడ. పక్కనే ఆకేరు వాగు. పంథిని దగ్గర పక్కకు తిరిగితే ఐనవోలు మల్లన్న గుడి. సంక్రాంతికి అక్కడ జాతర మొదలైందంటే ఈ రోడ్డు మీద బస్సులకు ఊపిరాడదు.

2018లో మున్సిపాలిటీ అయినా, పెద్ద పనేదైనా పడితే ఈ ఊరు వరంగల్ బస్సే ఎక్కాలి. రోగమొస్తే ఎంజీఎం ఆసుపత్రి, మిర్చి అమ్మాలంటే ఏనుమాముల మార్కెట్, పై చదువుకు కాకతీయ యూనివర్సిటీ... అన్నీ అటే. 'ఛార్జీలకు పైసలెక్కడివి, వచ్చే వారం చూద్దాం' అని ఆసుపత్రి ప్రయాణం వాయిదా వేసుకున్న ఇల్లాళ్లు ఏ పల్లెలో లేరు గనక?

తెలంగాణలో సర్కారు బస్సుకు తొంభై ఏళ్లు దాటాయి. 1932 జూన్‌లో నిజాం రైల్వే సంస్థ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఈ సేవను మొదలుపెట్టింది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే 'జెడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని చెబుతారు. అమ్మ పేరు మోసే బండిలో అమ్మలకు టికెట్ లేకుండా పోవడానికి మాత్రం 2023 డిసెంబరు 9 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు మహాలక్ష్మి పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హైదరాబాద్‌లో ప్రారంభించారు. రాష్ట్రంలో నివాసం ఉండే బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితమైంది. హైదరాబాద్‌లోనైతే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో.

ప్రశ్నల మీద ప్రశ్నలు

పథకమైతే వచ్చింది. దాంతోపాటే బస్సు నిండా సందేహాలూ వచ్చాయి!

'బిడ్డా, జిరాక్స్ నడుస్తదా?' నడవదు అవ్వా, అసలు కార్డే చూపించాలి. 'పాన్ కార్డు ఉందన్నా?' దాని మీద అడ్రసు ఉండదు కదమ్మా, అదీ చెల్లదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉండాలన్నది నియమం. ఎప్పుడో ఉమ్మడి రాష్ట్రంలో తీసుకున్న ఆధార్ మీద ఆంధ్రప్రదేశ్ అని ఉన్నవాళ్లను చిరునామా మార్పించుకొమ్మని ఆర్టీసీ చెప్పింది.

'పైసలే వద్దన్నప్పుడు టికెట్ ఎందుకు?' అన్నది అందరూ అడిగిన ప్రశ్న. మొదటి వారం టికెట్ లేకుండానే ఎక్కించుకున్నారు. 2023 డిసెంబరు 15 నుంచి 'జీరో టికెట్' ఇవ్వడం మొదలైంది. ఎవరు ఎక్కడెక్కి ఎక్కడ దిగారో ఆ చీటీయే లెక్క. ఆ లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లిస్తుంది. కాబట్టి చీటీ తీసుకోకపోతే నష్టం సంస్థకే.

'సూపర్ లగ్జరీ ఎక్కొచ్చా?' డీలక్సు, సూపర్ లగ్జరీలలో మామూలు ఛార్జీ ఇవ్వాల్సిందే. 'ఖమ్మం దాటి విజయవాడ పోతే?' రాష్ట్ర సరిహద్దు దాకానే ఉచితం. 'ఎక్స్‌ప్రెస్ మా ఊళ్లో ఎందుకు ఆపవు?' ఎక్స్‌ప్రెస్‌కు నిర్ణయించిన స్టాపులే ఉంటాయి, దగ్గరి ఊళ్లకు వెళ్లేవాళ్లు పల్లెవెలుగు ఎక్కాలని సంస్థ మొదట్లోనే కోరింది. బస్సు ఆపమనీ, ఆపననీ జరిగే వాదన మాత్రం ఈ దారిలో ఇంకా ముగిసేది కాదు.

ఉచితానికీ ఓ లెక్క

ఈ పథకంతో అందరి మొహాలూ ఒకేలా వెలగలేదు. బస్టాండు బయట వరసగా నిలబడ్డ ఆటోలను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. పల్లెల నుంచి మనిషికింత చొప్పున ఎక్కించుకొచ్చే ఆటోవాలాకు ఆడవాళ్లే పెద్ద ఆసరా. ఆ బేరం బస్సెక్కేసింది. తెలంగాణ అంతటా ఆటో డ్రైవర్లు రోడ్డెక్కి నిరసన తెలిపారు. ఆదుకోమని అడిగారు. భార్యకు మిగిలిన ఛార్జీ, భర్తకు తగ్గిన కిరాయి... రెండూ ఒకే ఇంటి లెక్కల్లోకి వచ్చిన కుటుంబాలూ ఉంటాయి.

మగవాళ్ల గొణుగుడు మరోరకం. 'టికెట్ మాకు, సీటు మీకా?' అని ఒకాయన అంటే, 'ఇన్నాళ్లు మీరు కూసుంటే మేము నిలబడలేదా తమ్మీ?' అని ఓ పెద్దమ్మ అందుకుంటుంది. బస్సంతా నవ్వు. కానీ గర్భిణికో, ఆసుపత్రికి వెళ్లే ముసలమ్మకో సీటు దొరకనప్పుడు ఆ నవ్వు ఆగిపోతుంది. బస్సులు పెరగకుండా ప్రయాణికులు పెరిగితే ఆ బరువంతా కండక్టరు, డ్రైవరు మీదే పడుతుంది.

కొలంబియాలోని బొగొటా 2000లో, మన అహ్మదాబాద్ 2009లో బస్సుల కోసమే రోడ్డు మధ్యలో ప్రత్యేక దారులు వేశాయి. విజయవాడలోనూ బీఆర్‌టీఎస్ రోడ్డు వచ్చింది. వర్ధన్నపేటలో రోడ్డు అదే, బస్సూ అదే. మారింది టికెట్టు. ఢిల్లీ 2019లో, తమిళనాడు 2021లో, కర్ణాటక 2023 జూన్‌లో నడిచిన బాట ఇది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాట పట్టింది. తెలంగాణలో 2025 జులై నాటికే జీరో టికెట్లు 200 కోట్లకు చేరాయి.

సాయంత్రం వరంగల్ నుంచి వచ్చిన బస్సు వర్ధన్నపేటలో ఆగుతుంది. మందుల సంచితో ఒకామె, పుస్తకాలతో ఇద్దరమ్మాయిలు దిగుతారు. చేతిలో నలిగిన చీటీ మీద ఛార్జీ సున్నా. మిగిలిన నోటు కొంగుముడిలో భద్రంగా ఉంటుంది. అది రేపు ఏ మందుకో, ఏ నోటు పుస్తకానికో ఉపయోగపడుతుంది!