ఎకరం అమ్మేముందు

మొన్న ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, కాలవ పక్క ఎకరం అమ్మేద్దామనుకుంటున్నాం" అంది. పెళ్లి సంబంధమేమైనా కుదిరిందా అని అడిగాను. కాదట. పిల్ల పైలట్ అవుతానంటోందట. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఇంజనీరింగ్ కౌన్సెలింగుకి వెళ్లనని భీష్మించుకు కూర్చుంది. ఎవరో అకాడమీ వాళ్లు విజయవాడ హోటల్లో మీటింగ్ పెట్టి, ఈ నెలాఖరులోగా మొత్తం ఫీజు కట్టేస్తే మూడు లక్షలు తగ్గిస్తామన్నారట.

ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో అప్పుల కాగితాల మధ్య గడిపినవాణ్ణి. "నెలాఖరులోగా" అన్న మాట చెవిన పడితే నాకు గుండె ఝల్లుమంటుంది. "ఎకరం సంగతి తర్వాత, ముందు పిల్లకి ఫోనివ్వు" అన్నాను.

"మావయ్యా, నువ్వు కూడా వద్దంటావా?" అంది అది, గొంతు పూడుకుపోయి.

వద్దనలేదండీ. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే వద్దనకండి. ఈ విషయంలో మన హైదరాబాదుకి ఒక గౌరవం ఉంది. ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ 1947లో అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో కమర్షియల్ లైసెన్స్ సంపాదించింది. ఆడదానివని ఎనిమిది కంపెనీలు తిప్పి పంపితే, నిజాం ప్రభుత్వం భాగస్వామిగా ఉన్న మన డెక్కన్ ఎయిర్‌వేస్ ఆవిణ్ణి తీసుకుంది. ఇవాళ మన దేశంలో పైలట్లలో నూటికి పదిహేను మంది దాకా ఆడవాళ్లే. చాలా దేశాలకంటే మనమే నయం. కాబట్టి మా మేనకోడలి కోరికలో వింతేమీ లేదు. నా బాధల్లా వరస గురించి. ఏది ముందు, ఏది వెనక అన్నది తప్పితే ఈ దారిలో ఇల్లు పోతుంది.

మా పెదనాన్నగారి మనవడి కథ చెబుతాను. పదేళ్ల కిందటి మాట. ఆ స్కూలు పేరు చెప్పను. ఫీజంతా ఒకేసారి కట్టారు, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి. వాడు వెళ్లేసరికి బడిలో నాలుగు విమానాలు. ఆరు నెలలు తిరక్కుండానే రెండు విమానాలు విడిభాగాల కోసం షెడ్డులో పడ్డాయి. పిల్లలేమో నలభై మంది పైనే. ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన మానేసి వెళ్లిపోయాడు. వానాకాలం మొత్తం మబ్బులు చూస్తూ హాస్టల్లో కూర్చున్నారు. వాడికి 200 గంటలు పూర్తయ్యేసరికి మూడున్నరేళ్లు పట్టింది. ఈలోగా బ్యాంకు వడ్డీ మాత్రం వానాకాలం అని ఆగలేదు. వాడిప్పుడు ఫస్టాఫీసరుగా ఎగురుతున్నాడు, బంగారం లాంటి పైలట్ అని విన్నాను. ఇల్లు మాత్రం తిరిగి రాలేదు.

200 గంటలు అన్నాను కదా, దాని సంగతి చెప్పాలి. మన డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్, కమర్షియల్ లైసెన్స్ ఇవ్వాలంటే కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు పక్కన ఎవరూ బాధ్యులు లేకుండా తనే కమాండర్‌గా. 300 నాటికల్ మైళ్ల దూర ప్రయాణం ఒకటి ఉంటుంది, దారిలో వేరే రెండు చోట్ల దిగి. రాత్రిపూట 5 గంటలు, పది సార్లు లేచి పది సార్లు దిగాలి. ఇప్పుడొక చిన్న లెక్క వేయండి. నెలకి ఆరు గంటలు దక్కితే 200 గంటలకి దాదాపు మూడేళ్లు. నెలకి పదిహేడు గంటలు దక్కితే ఒక్క ఏడాది. పిల్లవాడి తెలివి రెండుచోట్లా ఒకటే. తేడా అంతా విమానాలు ఎన్ని, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు, రన్‌వే ఎవరిది, ఆకాశం ఏడాదిలో ఎన్నాళ్లు తేటగా ఉంటుంది అన్నదాంట్లో ఉంది.

అందుకే మా మేనకోడలికి మొట్టమొదట చెప్పింది ఫ్లయింగ్ స్కూల్ గురించి కానేకాదు, కళ్ల గురించి. డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1. గుండె, చెవులు, రక్తం, చూపు, రంగులు గుర్తుపట్టడం. కళ్లజోడు ఉన్నంతమాత్రాన బెంగ అక్కర్లేదు, అద్దాలతో చూపు సరిపోతే చాలు. రంగుల దగ్గర మాత్రం రాజీ లేదు. ఇదంతా కొన్ని వేల రూపాయల ఖర్చు. ఆ కొన్ని వేలు పెట్టకుండా ఎకరం అమ్మినవాళ్లను నేను బ్యాంకు కౌంటర్ ఇవతల కూర్చుని చూశాను. క్లాస్ 1 కాగితం చేతిలో లేకుండా ఎవరికీ ఒక్క రూపాయి కట్టకండి. దండం పెట్టి చెబుతున్నాను.

రెండోది, రాత పరీక్షలు. నావిగేషన్, వాతావరణం, నియమాలు, విమానం సాంకేతికాలు. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. రేడియో మాట్లాడే పరీక్ష ఇంకొకటి ఉంది, ఆర్‌టీఆర్ అంటారు. అది ఇన్నాళ్లూ టెలికాం శాఖ పెట్టేది, 2025లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో డీజీసీఏ చేతికొచ్చింది. ఈ పేపర్లు రాయడానికి విమానం ఎక్కనక్కర్లేదు. డీజీసీఏ దగ్గర పరీక్షలకు కావలసిన కంప్యూటర్ నంబర్ తీసుకుని, ఇంటి దగ్గర నుంచో హైదరాబాదులో గ్రౌండ్ క్లాసులకు వెళ్లో చదువుకోవచ్చు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ లేని పిల్లలు ఓపెన్ స్కూల్లో ఆ రెండు సబ్జెక్టులు కట్టి మరీ వస్తున్నారు. నావిగేషన్ పేపర్ దగ్గరే చాలామంది ఆశ తేలిపోతుంది. తేలితే మంచిదే, అప్పటికి ఖర్చు వేలల్లోనే ఉంటుంది. ఆ పేపర్లు గట్టెక్కి, ఇంకా కళ్లల్లో ఆ మెరుపు ఉన్న పిల్లకి మాత్రం నేను హామీ సంతకం పెడతాను.

ఇక బడి. ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్ అని ఉంది. ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ, కేంద్ర ప్రభుత్వానిది. అక్కడ సీటు కావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి, పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష, ఇంటర్వ్యూ దాటాలి. ఫీజు దాదాపు 45 లక్షలు, హాస్టలూ తిండీ వేరే. నా మాట అడిగితే మొదటి గురి దాని మీదే పెట్టమంటాను. దేశంలో ఇంకా ముప్పైకి పైగా ఫ్లయింగ్ బడులున్నాయి. మన బేగంపేట పాత విమానాశ్రయంలోనే తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉంది, మహారాష్ట్ర గోండియాలో ఇంకొకటి. ఊరినిబట్టి, విమానాన్నిబట్టి 45 నుంచి 60 లక్షల దాకా అడుగుతున్నారు.

"అమరావతిలో ఎయిరిండియా వాళ్లు పెద్ద బడి పెడుతున్నారట కదా అన్నయ్యా, మన పక్కనే" అంది చెల్లెలు ఆశగా. అది మన అమరావతి కాదమ్మా, మహారాష్ట్రలో విదర్భ అమరావతి. 34 శిక్షణ విమానాలతో పెడతామని 2024లో ప్రకటించారు.

ఇండిగో లాంటి కంపెనీలు క్యాడెట్ పైలట్ పథకాలు నడుపుతున్నాయి. ఖర్చు కోటి దాటుతుంది. కానీ అందులో టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడిపే అర్హత కూడా కలిసి ఉంటుంది, అన్నీ దాటితే తీసుకుంటామన్న మాటా ఉంటుంది. కోటి అనగానే కొట్టిపారేయకండి, ఎందుకో ఇంకాస్త కిందకి వెళ్లాక చెబుతాను. అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు వెళ్తున్నారు. అక్కడ ఎండ బాగా కాసే చోట్ల గంటలు తొందరగా పోగవుతాయి. కానీ ఆ లైసెన్సుతో ఇక్కడ ఉద్యోగానికి నిలబడలేం. తిరిగొచ్చాక డీజీసీఏ నియమాల పేపరూ, నావిగేషన్, వాతావరణం కలిపిన కాంపోజిట్ పేపరూ రాసి మార్పించుకోవాలి. విదేశం వెళ్లినంత మాత్రాన రాత పరీక్షల గండం తప్పదని పిల్లలకు ముందే చెప్పండి.

ఏ బడి అయినా, బ్రోచరు పక్కన పెట్టి ఒకసారి రైలెక్కి వెళ్లి చూడండి. ఆఫీసులో కూర్చోవద్దు. హాస్టల్ మెస్‌కి వెళ్లి, అక్కడ రెండో ఏడు చదివే పిల్లల పక్కన కూర్చోండి. పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావు బాబూ అని అడగండి. లాగ్‌బుక్ చూపించమనండి. షెడ్డులో ఎన్ని విమానాలున్నాయో కాదు, ఇవాళ ఎగరగలిగేవి ఎన్నో లెక్కపెట్టండి. రాత్రి దిగడానికి దీపాలున్నాయా, వేరే ఊరు వెళ్లాలా అడగండి. డీజీసీఏ కూడా 2025 నుంచి ఈ బడులకి ఏడాదికి రెండుసార్లు గ్రేడ్లు ఇస్తోంది. తొలి జాబితాలో ఒక్క బడికీ ఎ గ్రేడ్ రాలేదు, అన్నీ బి, సి దగ్గరే ఆగాయి. ఆ జాబితా చూశాక మా పెదనాన్నగారి మనవడు నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు.

డబ్బు మాటకొస్తాను, నాకు బాగా తెలిసింది అదే. డీజీసీఏ ఒప్పుకున్న పైలట్ శిక్షణకి బ్యాంకుల విద్యారుణం వస్తుంది. ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. ఆపైన ఇల్లో స్థలమో చూపించాలి. ఖర్చులో మన వాటా దేశంలో చదివితే 5 శాతం, విదేశమైతే 15 శాతం. చదువు కాలం, దానిపైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ లేదని కాదండీ. ఇక్కడే మనవాళ్లు మోసపోయేది.

50 లక్షలు 11 శాతానికి ఒకేసారి తీసుకున్నారనుకోండి. మూడేళ్లలో బారువడ్డీయే పదహారున్నర లక్షలు. అసలుకి కలిపితే అరవై ఆరున్నర. పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 91,600. పదిహేనేళ్లకి సాగదీస్తే 75,600. అదే డబ్బు బడికి దశలవారీగా, ఇన్ని గంటలు ఎగిరాక ఇంత అని బ్యాంకు ద్వారా కట్టించుకుంటే వడ్డీ తగ్గుతుంది. బడి మూతపడ్డా మిగతా డబ్బు మన చేతిలో ఉంటుంది. మూడు లక్షల తగ్గింపు కోసం యాభై లక్షలు వాళ్ల చేతిలో పెట్టడం ఎంత ప్రమాదమో మా చెల్లెలికి ఈ లెక్కతోనే చెప్పాను. నెలనెలా వడ్డీ అయినా కట్టుకుంటూ వస్తే అసలు పెరగదు. ఆ వడ్డీకి పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకి ఎనిమిదేళ్లు మినహాయింపు ఉంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల వాళ్లు జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్లి పైలట్ శిక్షణకి సాయం ఉందా అని అడక్కుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

కోటి సంగతి చెబుతానన్నాను. లైసెన్స్ చేతికొస్తే కాక్‌పిట్‌లో సీటు వచ్చినట్టు కాదు. మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగులు కావాలి. ఆపైన ఏ విమానం నడుపుతారో ఆ విమానానికి టైప్ రేటింగ్. ఎయిర్‌బస్ 320కి సిమ్యులేటర్లో నేర్చుకోవడానికి పదిహేను లక్షల నుంచి పాతిక దాకా అవుతుంది. హైదరాబాద్ పాతబస్తీ అమ్మాయి సయ్యదా సల్వా ఫాతిమా మీకు గుర్తుండే ఉంటుంది. తండ్రి బేకరీలో పనిచేసేవాడు. ఒక ఉర్దూ పత్రిక సంపాదకుడి అండతో బేగంపేటలో నేర్చుకుని లైసెన్స్ తెచ్చుకుంది. అక్కడ ఆగిపోయింది, తర్వాతి మెట్టుకి డబ్బు లేక. తెలంగాణ ప్రభుత్వం 36 లక్షలు మంజూరు చేస్తేనే ముందుకు కదిలి, చివరికి ఇండిగోలో చేరింది. ఆ 36 లక్షలు లైసెన్స్ ఖర్చు కాదు, లైసెన్స్ తర్వాతి ఖర్చు. బడివాళ్లు చెప్పే ఫీజులో ఈ అంకె సాధారణంగా ఉండదు. దాన్ని కలిపి చూస్తే క్యాడెట్ పథకపు కోటికీ, విడివిడిగా పెట్టే ఖర్చుకీ దూరం అనుకున్నంత ఉండదు.

దాంతోపాటు ఒక ఏడాది ఖాళీగా ఉండాల్సి వస్తే తిండికి, మెడికల్ రెన్యువల్‌కి, వడ్డీకి డబ్బు పక్కన పెట్టాలి. 2012లో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఆగింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. 2023 మేలో గో ఫస్ట్ ఆగింది. ఆగిన ప్రతిసారీ వేల గంటలు ఎగిరిన పెద్ద పైలట్లు రోడ్డున పడ్డారు, కొత్త పిల్లలు వాళ్ల వెనక వరసలో నిలబడ్డారు. ఆ గో ఫస్ట్ ఆగిన 2023లోనే ఎయిరిండియా 470 విమానాలకి, ఇండిగో 500 విమానాలకి ఆర్డర్లిచ్చాయి. ఈ రంగం అలాంటిది. ఇవాళ చేరే పిల్లకి ఉద్యోగం చూడాల్సింది మూడేళ్ల తర్వాత, అప్పుడు గాలి ఎటు వీస్తుందో ఇవాళ హోటల్ మీటింగులో ఎవరూ చెప్పలేరు. అందుకే నేను గీసిన గీత ఒక్కటే. ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైనా ఇల్లు నిలబడేంత అప్పే చేయండి. ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టులో పెట్టకండి.

ఇదంతా గంటసేపు ఫోన్లో చెప్పాను. మేనకోడలు మధ్యలో నోట్సు రాసుకుంది, కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. చివర్లో "మావయ్యా, నావిగేషన్‌కి ఏ పుస్తకం?" అని అడిగింది. ఆ ప్రశ్నకి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నెలాఖరు దాటిపోయింది. వచ్చే బుధవారం క్లాస్ 2 మెడికల్‌కి అది హైదరాబాద్ వస్తోంది, మా ఇంట్లోనే దిగుతుంది. ఎకరం కాగితాలు తెనాలిలో బీరువాలోనే ఉన్నాయి.