క్యాలెండరులో ఎర్ర అంకెలు



కొత్త క్యాలెండరు ఇంటికి రాగానే మనలో చాలామంది మొదట చేసే పని ఎర్ర అంకెలను లెక్కపెట్టడం. ఏ సెలవు ఆదివారం నాడు పడి వృథా అయ్యింది, ఏది శుక్రవారమో సోమవారమో వచ్చి మూడు రోజులు కలిసివచ్చాయి అని చూసుకుంటాము. ఇందులో తప్పేమీ లేదు. కష్టపడే మనిషి విశ్రాంతి కోసం ఎదురుచూడడం సహజమే. అయితే సిద్దిపేటలో కాపురముంటూ, ఇక్కడి ఇండ్లకు వచ్చిపోతూ ఉన్న సంఘ కాపరిగా నేను గమనించినది ఒకటున్నది. ఎర్ర అంకె అందరి గోడ మీదా ఉంటుంది గాని, ఆ సెలవు అందరి ఇంట్లోనూ ఉండదు. ఆ సంగతిని గూర్చి, మన ఊరి చుట్టూ ఒక్కరోజులో చూసి రాగల చోట్లను గూర్చి ఈ నెల కొంచెం మాట్లాడుకుందాము.

ముందుగా లెక్క తెలుసుకుందాము. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 ఈ మూడూ దేశమంతటికీ జాతీయ సెలవులు. వీటికి తోడు రాష్ట్ర ప్రభుత్వం ఏటా సాధారణ సెలవుల జాబితా ఒకటి, ఐచ్ఛిక సెలవుల జాబితా ఒకటి విడుదల చేస్తుంది. ఐచ్ఛిక సెలవులలో ప్రభుత్వోద్యోగి తనకు కావలసినవి ఏడాదికి 5 వరకు ముందుగా అనుమతి తీసుకొని వాడుకోవచ్చు. మన తెలంగాణలో క్రిస్మస్ మరునాడు, అనగా డిసెంబరు 26 కూడా సాధారణ సెలవే. డిసెంబరు 24 ఐచ్ఛిక సెలవు. ఈ సంగతి తెలియక ఆ రోజుకు మామూలు సెలవు ఖర్చు చేసుకునే ఉద్యోగులు ఇంకా ఉన్నారు.

ఇంకొక చిన్న లెక్క జ్ఞాపకముంచుకోండి. గాంధీ జయంతికీ క్రిస్మస్‌కూ మధ్య సరిగ్గా 84 దినాలు, అంటే 12 వారాలు. క్రిస్మస్ తరువాత 7 దినాలకు కొత్త సంవత్సరం. కాబట్టి అక్టోబరు 2 ఏ వారమో, డిసెంబరు 25 అదే వారం, జనవరి 1 కూడా అదే వారం. ఆగస్టు 15 మాత్రం వాటికి ఒక వారం ముందుకు జరుగుతుంది: అవి శుక్రవారమైతే ఇది శనివారం. 2026లో అక్టోబరు 2, క్రిస్మస్ రెండూ శుక్రవారాలు. 2027లో రెండూ శనివారాలు, ఆగస్టు 15 ఆదివారం. 2028లో రెండూ సోమవారాలు. ఒక్క తేదీ చూసుకుంటే ఏడాది చివరి సగమంతా తెలిసిపోతుంది.

దూర ప్రయాణాలకు మరొక మాట. రైలు టికెట్టు ముందుగా తీసుకునే గడువు పూర్వం 120 రోజులుండేది. 2024 నవంబరు 1 నుండి దానిని 60 రోజులకు తగ్గించారు. డిసెంబరు 24 ప్రయాణానికి అక్టోబరు 25న టికెట్టు దొరకడం మొదలవుతుందన్నమాట. మన సిద్దిపేటకు 2023 అక్టోబరు 3న రైలు వచ్చింది. దుద్దెడ, గజ్వేల్, మనోహరాబాద్ మీదుగా సికింద్రాబాదు వెళ్లి అక్కడ దూరపు బండి ఎక్కవచ్చు.

ఇంతవరకు లెక్క. ఇక మనుషుల సంగతి చూద్దాము.

సద్దుల బతుకమ్మ ముందు రోజు సిద్దిపేట బస్టాండులో ఒక గంట నిలబడి చూడండి. తల్లిగారింటికి వచ్చే ఆడబిడ్డలు, చంకలో పిల్లలు, చేతిలో సంచులు. 2023 డిసెంబరు 9 నుండి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చినందువలన ఎన్నో ఏండ్లుగా పండుగకు రాలేకపోయిన వారు కూడా వస్తున్నారు. సంతోషమే. కానీ ఆ బస్సు నడిపే అన్నకు, టికెట్టు కొట్టే అక్కకు ఆ రోజు సెలవు లేదు. మన సెలవు వారి డ్యూటీ. ఆసుపత్రిలో నర్సు, పెట్రోలు బంకులో కుర్రవాడు, హోటలులో గిన్నెలు కడిగే అవ్వ, వీరందరికీ ఎర్ర అంకె అంటే పని ఎక్కువైన దినమే.

మరి బీడీలు చుట్టే తల్లుల మాటేమిటి? మన సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాలలో ఎన్నో ఇండ్లకు ఆ చాటే ఆధారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. మగ్గం మీద గొల్లభామ చీర నేసే కుటుంబానికీ అంతే, నేసినదానికే కూలి. చేయి ఆగితే కూలి ఆగుతుంది. వారికి సెలవు ఎవరూ ఇవ్వరు, వారే కొనుక్కోవాలి.

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. తండ్రి బస్సు డ్రైవరు. తల్లి బీడీలు చుడుతుంది. కొడుకు హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో ఉద్యోగి, వాళ్ల కంపెనీ సెలవుల జాబితా వేరు. కూతురు గురుకుల హాస్టలులో చదువుతుంది. ఆ ఇంట్లో నాయనమ్మ కోరినది ఒక్కటే: అందరూ ఒక్క బంతిలో కూర్చుని తినాలి. దసరాకు కొడుకు, కూతురు వస్తే తండ్రికి స్పెషల్ బస్సు డ్యూటీ. ఆగస్టు 15న కొడుక్కు సెలవుంటే కూతురికి బడిలో జెండా కార్యక్రమం. ఇలా రెండేండ్లు గడిచాయి. చివరకు వారు ఎర్ర అంకెలను వదిలిపెట్టి, తండ్రికి వారపు సెలవు ఎప్పుడో చూశారు. దసరా సెలవులలో కూతురు ఇంట్లో ఉన్నప్పుడు, ఒక మామూలు మంగళవారం పెట్టుకున్నారు. కొడుకు ఒక్కరోజు సెలవు తీసుకున్నాడు. తల్లి ముందు రెండు రాత్రులు కూర్చుని లెక్క పూర్తి చేసింది, కొడుకు, కూతురు ఆకు కత్తిరించి ఇచ్చారు. పులిహోర, సర్వపిండి కట్టుకొని రంగనాయక సాగర్ కట్ట మీదికి వెళ్లి వచ్చారు. నాయనమ్మను ఆటోలో ముందు సీటులో కూర్చోబెట్టారట. ఆ తరువాతి క్రిస్మస్‌కు ఆమె లేదు. సమాధి కార్యక్రమం నాడు ఆ కొడుకు నాతో అన్నది ఇంతే: "అయ్యగారూ, ఆ మంగళవారం ఒక్కటి ఉన్నది మాకు."

విశ్రాంతి దినాన్ని గూర్చిన ఆజ్ఞను మనం చిన్ననాటి నుండి కంఠస్థం చేశాము. కాని అందులో ఎవరెవరి పేర్లున్నవో నిదానించి చూస్తామా? ఇంటి యజమాని, కొడుకు, కూతురు మాత్రమే కాదు. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఊరిలో ఉన్న పరదేశి కూడా ఉన్నారు. ద్వితీయోపదేశకాండములో దానికి కారణం కూడా చెప్పబడింది: నీవలె నీ దాసుడును విశ్రమించాలి. అంటే విశ్రాంతిని కొలవవలసినది పైనున్న వారి దగ్గర కాదు, అందరికంటె తక్కువ తెరిపి ఉన్నవారి దగ్గర. ఇంట్లో కూడా ఇదే సూత్రం పనికివస్తుంది. ఎక్కువ సెలవులున్న వారిని బట్టి కాదు, అతి తక్కువ సెలవులున్న వారిని బట్టి తేదీ పెట్టుకోండి. మిగిలినవారు తమ సెలవులను దాని చుట్టూ అమర్చుకోవచ్చు. వంట చేసే తల్లికి ఆ రోజు పొయ్యి దగ్గర నుండి కూడా సెలవు ఉందా అని అడగడం మరువకండి.

అటువంటి ఒక్కరోజుకు మన సిద్దిపేట చుట్టూ చోట్లకు కొదువ లేదు. ఊరిలోనే కోమటి చెరువు ఉన్నది. సాయంత్రం పని ముగించుకొని వచ్చినా వేలాడే వంతెన మీద నడిచి, గాలి పీల్చుకొని తిరిగి వెళ్లవచ్చు. చిన్నకోడూరు మండలం చంద్లాపూర్ దగ్గర 2020లో నీళ్లు నింపిన రంగనాయక సాగర్ ఉన్నది; 3 టీఎంసీల నీటి మధ్యలో గుట్ట కనిపిస్తుంది. సంక్రాంతి నుండి ఉగాది వరకు ఆదివారాలు కొమురవెల్లి జాతర జనంతో రాజీవ్ రహదారి నిండి ఉంటుంది, అటు ప్రయాణముంటే పొద్దున్నే బయలుదేరండి.

కొంచెం దూరం వెళ్లదలచిన వారికి రామాయంపేట మీదుగా మెదక్ ఉన్నది. పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పనీ అన్నమూ చూపించి కట్టించిన ఆ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. గోపురం ఎత్తు 175 అడుగులు. కిటికీల రంగుటద్దాల మీద క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము ఉన్నవి. వెలుపల ఎండ ఉన్నప్పుడే ఆ బొమ్మలు వెలుగుతాయి, పొద్దుగూకితే కనబడవు. క్రిస్మస్ నాడు వేలాది జనంలో ముసలివారికి, పిల్లలకు నిలబడడమే కష్టం. మామూలు పని దినాన పగటిపూట వెళ్లండి, కిటికీలు తనివితీరా చూడవచ్చు.

తొగుట వైపు వెళ్లేవారు మల్లన్న సాగర్ కట్ట చూస్తారు. 50 టీఎంసీల జలాశయం, 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. ఫోటోలు దిగేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ నీళ్ల కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లున్నవి. అక్కడివారిలో ఎంతోమంది ఇప్పుడు గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీలో ఉన్నారు. పండుగకు సొంతూరు పోవాలంటే వారికి ఆ ఊరు లేదు. అటువంటి కుటుంబం మీ వాడలో గాని, మీ సంఘములో గాని ఉంటే ఈసారి సెలవు నాడు మీ ఇంటి బంతిలో వారికి ఒక విస్తరి వేయండి.

ఇక కాపరుల ఇండ్ల సంగతి ఒక్క మాట. మంచి శుక్రవారం, ఈస్టరు, క్రిస్మస్ లోకానికి సెలవులు, మాకు పరిచర్య దినాలు. మా ఇంట్లో పిల్లలు సోమవారాన్నే మా ఆదివారం అంటారు. అది కొరతగా చెప్పడం లేదు. ఏ ఇంటి సెలవు ఆ ఇంటి వారే వెదకి పట్టుకోవాలని చెబుతున్నాను.

ఈ ఆదివారం ఆరాధన తరువాత, భోజనాల దగ్గర, ఇంటిల్లిపాదీ తమ తమ సెలవులు చెప్పుకోండి. అందరికంటె తక్కువ ఉన్నవారిని ముందు మాట్లాడనివ్వండి. ప్రభువు మీ ఇంటి విశ్రాంతిని దీవించును గాక.