ఒంటరి దున్న వచ్చింది, మంద మాటేమిటి?

దాదాపు 150 ఏళ్ల తర్వాత నల్లమలలో కనిపించిన అడవిదున్న అటవీ శాఖకు సంబరంతో పాటు ఒక చిక్కు ప్రశ్ననూ తెచ్చిపెట్టింది

నంద్యాల జిల్లా ఆత్మకూరు నుంచి దోర్నాల బస్సెక్కితే పొలాలు వెనకబడి అడవి మొదలవడానికి ఎక్కువసేపు పట్టదు. నల్లమద్ది, చిరుమాను, ఏపె, టేకు, మధ్యమధ్య వెదురు పొదలు. బైర్లూటి వచ్చేసరికి చెంచుల గూడెం కనిపిస్తుంది. పక్కనే వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి పాత కాలిబాట ఉంది. శివరాత్రికీ ఉగాదికీ వేలమంది ఈ దారిన నడిచి మల్లన్నను చేరుకుంటారు. ఉగాది నాటి జనంలో ఎక్కువమంది కన్నడిగులే.

2024లో ఈ అడవికి ఓ కొత్త యాత్రికుడు వచ్చాడు. ఆ ఏడాది జనవరిలో వెలుగోడు రేంజిలో, తర్వాత బైర్లూటి రేంజిలో ఒంటరి అడవిదున్న కనిపించింది. నల్లమలలో ఆ జంతువును చివరిసారిగా చూసింది 1870ల్లోనని అటవీ అధికారుల లెక్క. అప్పటికి శ్రీశైలం ఆనకట్ట లేదు, నాగార్జునసాగర్ లేదు, పులుల అభయారణ్యం అన్న మాటే లేదు. ఈ దున్న కర్ణాటక వైపు నుంచి నడిచి వచ్చి ఉంటుందని అధికారుల అంచనా. అదే నిజమైతే కన్నడ భక్తులు వచ్చే దిక్కు నుంచే ఇదీ వచ్చిందన్నమాట. కాకపోతే దీనికి దారిలో అన్నదాన సత్రాలు లేవు.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. పత్రికలు దీన్ని బైసన్ అంటాయి, తెలుగువాళ్లు అడవిదున్న అంటారు. నిజానికి ఇది రెండూ కాదు. అమెరికా గడ్డి మైదానాల్లోని బైసన్ వేరే జంతువు. అసలు అడవి గేదె ఛత్తీస్‌గఢ్‌లోనూ అస్సాంలోనూ మిగిలింది. నల్లమలకు వచ్చింది గౌర్. వరసకు ఇది ఇంటి ఆవుకు దగ్గర బంధువు. గేదెలా బురదలో పొర్లదు. మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండే కాళ్లు, వీపు మీద గట్టులా లేచిన ఎముక, లోపలికి వంగిన కొమ్ములు దీని గుర్తులు. ఎదిగిన మగది భుజం దగ్గర మనిషి ఎత్తుంటుంది. బరువు వెయ్యి కిలోల దాకా తూగుతుంది. పశుజాతిలో ఇంతకు మించిన అడవి జంతువు ప్రపంచంలో లేదు. చూడ్డానికి కొండలా ఉన్నా స్వభావం పిరికిది. మనిషి వాసన తగిలితే ముక్కుతో బుసకొట్టి పొదల్లోకి జారుకుంటుంది.

ఇంత శరీరానికి రోజంతా మేత కావాలి. లేడి, దుప్పి ముట్టని ముదురు గడ్డి, వెదురు చిగుళ్లు, రాలిన కాయలు, ఎండాకాలంలో ఆకులూ బెరడూ అన్నీ దీనికి పనికొస్తాయి. మంద ఒక పచ్చిక మీద మేసి వెళ్లాక అక్కడ కొత్త చిగురు వస్తుంది. ఆ లేత గడ్డి కోసం దుప్పులు చేరతాయి. దుప్పుల వెనక చిరుత, పులి వస్తాయి. పేడలో పడ్డ గింజలు మరోచోట మొలకెత్తుతాయి, పేడపురుగులు ఆ ఎరువును నేలలోకి దింపుతాయి. గడ్డిని కోసేదీ ఎరువు వేసేదీ విత్తనం చల్లేదీ ఒకే జంతువు.

ఈ సంగతి కొలిచి చూసింది అమెరికావాళ్లు. అక్కడ కోట్లలో ఉన్న బైసన్లను 19వ శతాబ్దం ముగిసేలోపు కొన్ని వందలకు తగ్గించారు. తర్వాత తప్పు తెలుసుకుని కొన్నిచోట్ల మళ్లీ వదిలారు. కాన్సాస్ రాష్ట్రంలోని కోంజా ప్రయరీలో మూడు దశాబ్దాల పాటు సాగిన పరిశీలన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఏ మేతా లేని నేలతో పోలిస్తే బైసన్లు మేసిన చోట స్థానిక మొక్కల రకాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఆవులు మేసిన చోట కూడా పెరిగాయి గానీ అందులో సగం కూడా కాదు. కరువు వచ్చిపోయాక కూడా బైసన్ల పచ్చిక నిలదొక్కుకుంది.

ఈ లెక్కను తెచ్చి నల్లమలకు అతికించడం కుదరదు. ఇక్కడున్నది కనుచూపు మేర సాగే మైదానం కాదు. ఇది ఆకు రాల్చే మెట్ట అడవి. చెట్ల మధ్య, కొండల మీది చదునుల్లో, చెరువుల ఒడ్డున తునకలు తునకలుగా గడ్డి ఉంటుంది. చెంచులు గుడిసెలకు కప్పే బోద కూడా అందులోదే. మేసేవాళ్లు లేకపోతే ఆ బోద నిలువెత్తు పెరిగి మాఘం నాటికి ఎండుతుంది, వేసవిలో నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. అడవి అంటే చెట్లే అనుకునే మన అలవాటుకు ఈ గడ్డి తునకలు ఆనవు. ఖాళీ జాగా కనిపిస్తే మొక్కలు నాటించే ఉత్సాహం సర్కారు కార్యక్రమాల్లో తరచూ కనిపించేదే.

గడ్డి ఎవరి వంతు అన్నది మరో తగువు. అడవి అంచు ఊళ్ల నుంచి పశువులు, మేకలు ఏటా లోపలికి మేతకు వెళతాయి. కాపరులను తప్పుపట్టడం తేలికే గానీ వాళ్లకు చూపే బీడు ఊళ్లో మిగల్లేదు. అయితే మందలతో పాటు జబ్బులూ లోపలికి పోతాయన్నది కొట్టిపారేయలేని నిజం. ముసర వ్యాధి ఒకప్పుడు గౌర్ల పాలిట యముడు. 1968లో మదుమలై, బందీపూర్ అడవుల్లో అది వీటిని పెద్ద సంఖ్యలో పొట్టన పెట్టుకుంది. ఆ రోగం ప్రపంచం నుంచే పోయినట్టు 2011లో ప్రకటించారు. గాలికుంటు, దొమ్మ మాత్రం పోలేదు. చుట్టుపక్కల ఊళ్ల పశువులకు ఏటా టీకాలు వేయకుండా అడవిలో గౌర్లను పెంచుతామనడం గాలిలో మేడలు కట్టడమే.

పులుల సంగతి కూడా ఇందులో ఉంది. కర్ణాటకలోని నాగరహొళెలో పులి తినే మాంసంలో బరువు లెక్కన గౌర్‌దే పెద్ద వాటా అని శాస్త్రవేత్తలు చాలాకాలం క్రితమే తేల్చారు. ఒక్క దున్నను పడగొడితే తల్లీ పిల్లలూ రోజుల తరబడి తింటారు. నల్లమల పులికి కణుతులు, దుప్పులు, అడవి పందులే దిక్కు. అవి చాలని రోజు ఊరి పశువు మీద పడుతుంది.

అందుకే ఒక్క దున్న రాక ఇంత చర్చ లేపింది. ఒంటరిగా తిరిగేవి సాధారణంగా మగవే. ముసలి ఆవు నడిపించే మంద లేనిదే సంతతి లేదు. పాపికొండల నుంచి కొన్నిటిని తెచ్చి నల్లమలలో వదిలితే ఎలా ఉంటుందన్న ఆలోచన అటవీ శాఖలో ఈ నేపథ్యంలోనే వచ్చింది. దీనికి దారి చూపిన అనుభవం మధ్యప్రదేశ్‌లో ఉంది. బాంధవ్‌గఢ్‌లో 1990ల చివరికి గౌర్లు పూర్తిగా కనుమరుగయ్యాయి. 2011, 2012లలో కన్హా నుంచి 50 గౌర్లను మత్తు ఇచ్చి లారీలకెక్కించి తెచ్చారు. మొదట కంచెలోపల ఉంచి, అలవాటు పడ్డాక వదిలారు. తర్వాతి ఏళ్లలో ఆ మంద వంద దాటింది.

ఇచ్చే చేతి పరిస్థితి కూడా చూడాలి. పాపికొండలను 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. గోదావరికి రెండు వైపులా పరుచుకున్న ఈ కొండల్లో వాన ఎక్కువ, వెదురు ఎక్కువ, గౌర్లకు అది పుట్టిల్లు. అక్కడి కోయలకు ఈ జంతువు దేవుడి కొలువులో భాగం. జాతరల్లో, పెళ్లిళ్లలో కొమ్ము కోయలు దున్న కొమ్ములు తగిలించిన తలపాగాలతో డోళ్లు కొడుతూ, రెండు దున్నలు కుమ్ముకున్నట్టు తలలు ఢీకొట్టి ఆడతారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత కొత్త కొమ్ములు సంపాదించడం నేరం కాబట్టి తాతలనాటి వాటినే జాగ్రత్త చేసుకోవాలి. పోలవరం జలాశయం నిండితే ఈ లోయలోని పల్లపు నేల కొంత నీటి కిందకు పోతుంది. నది ఒడ్డున మేసే మందలు పైకి జరగాలి. పై కొండల్లో వాటికి ఎంత చోటుందో లెక్క తేలాకే ఎన్నిటిని నల్లమలకు పంపవచ్చో చెప్పగలరు.

తడి లోయలో పుట్టిన జంతువు రాయలసీమ ఎండకు తట్టుకుంటుందా అన్నది పెద్ద సందేహం. పోయిన కాలంలో ఇక్కడ బతికాయి కాబట్టి బతుకుతాయనే వాదనకు బలం ఉంది. కానీ గౌర్‌కు వేసవిలో రోజూ నీళ్లు కావాలి. వాగులు ఎండే నెలల్లో నల్లమలలో జంతువులు తాగేది ఎక్కువగా అటవీ సిబ్బంది ట్యాంకర్లతోనూ సౌర బోర్లతోనూ నింపే సిమెంటు తొట్లలో. ఆ తొట్లు దుప్పి మూతికి సరిపడా కట్టినవి. ఇరవై దున్నల మంద ఒక్కసారి దిగితే రెండో పూటకు అడుగు కనిపిస్తుంది.