పొద్దుగూకినంక గ్రౌండు ఎవరిది?

ఈ ఎండాకాలం తిరుమలగిరి వెళ్లినప్పుడు మా అన్న బిడ్డ ఒక మాటంది. "అత్తా, మన బడి గ్రౌండ్ల గూడ టర్ఫ్ ఏస్తె మంచిగుండు." తొమ్మిదో తరగతి పిల్ల. సంక్రాంతి సెలవులకి హైదరాబాదులో నా దగ్గరకొచ్చి, గంటకింత అని అద్దె కట్టే టర్ఫ్ మీద ఫుట్‌బాల్ ఆడి వెళ్లింది. అప్పట్నుంచీ అదే ధ్యాస.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ ఆకుపచ్చ పోగులు ప్లాస్టిక్కనీ, మధ్యలో పోసే నల్ల గింజలు చాలాచోట్ల పాత టైర్లు తురిమి చేసినవనీ, అవి మట్టిలో, నీళ్లలో కలుస్తున్నాయని యూరోపియన్ యూనియన్ 2023లో వాటి అమ్మకాన్ని నిషేధిస్తూ 2031 దాకా గడువిచ్చిందనీ చెప్పాను. అంతా విని, "మరి పల్లేరుకాయల సంగతేంది?" అంది.

జవాబు దొరకలేదు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు పచ్చిక అంటే ఒక వర్ణన. తనకి అది కాళ్లకింది నేల. మా బడి గ్రౌండులో వానాకాలం గరిక, తుంగ. తర్వాతంతా ఎర్రమట్టి, పల్లేరు. ఆ గరిక జాతినే మేలురకాలుగా పెంచి పెద్ద స్టేడియాల్లో పరుస్తారు. తేడా గడ్డిలో లేదు. నీళ్లు పెట్టి, కోసి, కలుపు తీసే మనిషి ఉండడంలో ఉంది. మా అమ్మ అక్కడి గరిక బర్రెకి కోసుకొచ్చేది. ఆ గ్రౌండుతో ఆమెకున్న సంబంధం అంతే. నాకు అదీ లేదు. మేం చదివేటప్పుడు ఆటల పీరియడ్‌లో గ్రౌండు మగపిల్లలది. మాకు వరండా, తొక్కుడుబిళ్ల. పడి మోకాలు చెక్కుకునే అవకాశం కూడా మాకు రాలేదు.

"టర్ఫ్ మీదయితే ఆ గంట మాదంటె మాదే. పోరగాళ్లు లోపటికి రారు" అంది. అసలు సంగతి అప్పుడర్థమైంది. తను అడుగుతున్నది ప్లాస్టిక్కుని కాదు, కంచెని.

2015లో కెనడాలో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొత్తం కృత్రిమ గడ్డి మీదే జరిగింది. పురుషుల ప్రపంచకప్ అప్పటిదాకా ఒక్కటీ అలా జరగలేదు. ఇది వివక్ష అని అబ్బీ వామ్‌బాక్, మరికొందరు క్రీడాకారిణులు 2014లో ఒంటారియో మానవ హక్కుల ట్రిబ్యునల్‌కి ఫిర్యాదు చేసి, 2015 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. వాళ్లు అడిగింది గడ్డి, మా పిల్ల అడిగేది టర్ఫ్. నాకు మాత్రం రెండూ ఒకటే ఫిర్యాదుగా వినిపించాయి.

అయితే టర్ఫ్ ఆ ఫిర్యాదుని తీరుస్తుందా? గడ్డి తనలోని నీటిని ఆవిరిగా వదిలి చల్లబడుతుంది. ప్లాస్టిక్కుకి ఆ దారి లేదు. 2002లో అమెరికాలోని బ్రిగామ్ యంగ్ యూనివర్సిటీలో కొలిస్తే, ఎండలో కృత్రిమ గడ్డి ఉపరితలం 90 డిగ్రీల సెల్సియస్ దాటింది. మన మే నెల ఎండల్లో దానిమీద పగలు కాలు పెట్టలేం. అందుకే టర్ఫ్‌లు దీపాల వెలుగులో రాత్రిళ్లు కళకళలాడతాయి. హైదరాబాదులో ఆ రాత్రి ఎనిమిదింటికి తనకి తోడు నేను వెళ్లాను. మరి తిరుమలగిరిలో? పొద్దుగూకినంక పంపిస్తావా అని మా అన్ననడిగితే మాట మార్చాడు.

బతుకమ్మ రోజుల్లో మాత్రం చీకటి పడ్డాక ఆ గ్రౌండు ఆడవాళ్లదే. చెప్పులిడిచి, మట్టిమీద బతుకమ్మల్ని పెట్టి చుట్టూ తిరుగుతాం. ఎవరూ అద్దె అడగరు, ఎందుకొచ్చావనీ అడగరు. ఆ తొమ్మిది రోజులకున్న హక్కు మిగతా రోజుల్లో ఏమైపోతుంది?

చివరికి ఇద్దరం కూర్చుని బడికి ఒక దరఖాస్తు రాశాం. రోజూ బడి వదిలాక ఒక గంట గ్రౌండు ఆడపిల్లలకే ఇవ్వాలి. గరికకి నీళ్లు పెట్టాలి. పల్లేరు తీసే మనిషికి కూలి ఇవ్వాలి. ఆడపిల్లలకి మరుగుదొడ్డి, ఒక దీపం కావాలి. టర్ఫ్ మాట తనే కొట్టేసింది, కొంచెం అయిష్టంగానే.

పక్కన కూర్చుని వింటున్న అమ్మ అంది: "కోసిన గడ్డి నాకియ్యమని గూడ రాయిండ్రి."

రాశాం.