తాండీ దాటాక ఆగిన బండి

చంద్ర, భాగ నదులు కలిసే చోట, హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఉంది తాండీ. ఊరు చిన్నదే అయినా మనాలీ నుంచి లేహ్ వెళ్లే మోటార్ సైకిళ్లన్నీ అక్కడి పెట్రోలు బంకు ముందు వరుస కడతాయి. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని హెచ్చరిస్తూ ఏళ్ల తరబడి నిలిచిన బోర్డు పక్కన ఫొటో దిగని బుల్లెట్ యాత్రికుడు అరుదు. బోర్డులో కాస్త అతిశయోక్తి ఉంది. లేహ్‌కు సుమారు 35 కిలోమీటర్ల ముందే కారూలో బంకు ఉంది. అయినా ఆ అంకె చేయాల్సిన పని చేస్తుంది. భయపెడుతుంది.

లెక్క చూస్తే భయం అర్థమవుతుంది. 350 సీసీ బుల్లెట్ ట్యాంకులో పట్టేది 13, 14 లీటర్లు. మైదానంలో లీటరుకు 35 కిలోమీటర్లిచ్చే బండి కూడా ఘాట్ రోడ్డు మీద 25కి దిగొచ్చు. అంటే సరిగ్గా అంచు మీద ప్రయాణం. చాలామంది అయిదు లీటర్ల డబ్బా వెనక కట్టుకుంటారు. కొందరికి అది నామోషీ. ఢిల్లీ కరోల్ బాగ్ సందుల్లోనో, సొంతూళ్లో తెలిసిన వెల్డింగ్ షాపులోనో రేకు కోయించి, 20 లీటర్లు దాటే ట్యాంకు చేయించుకుంటారు. నీళ్లు పోసి చూస్తే కారదు, ఊళ్లో రెండు వారాలు తిప్పినా పేచీ పెట్టదు.

అసలు కథ కేలాంగ్ దాటాక మొదలవుతుంది. దార్చా తర్వాత 4,890 మీటర్ల బారాలాచా కనుమ, సర్చూ, ఆపైన 21 మెలికల గాటా లూప్స్, 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా. ఇన్నీ ఎక్కిన బుల్లెట్ పాంగ్ వైపు దిగుతూనో, ఆ తర్వాత 40 కిలోమీటర్ల బల్లపరుపు మోరే మైదానంలోనో దగ్గి ఆగిపోతుంది. ఊపి చూస్తే ట్యాంకులో పెట్రోలు గలగలమంటుంది. పది నిమిషాలాగి కిక్ కొడితే స్టార్టవుతుంది, రెండు కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగుతుంది. దారిలో చాలా మేర సెల్ సిగ్నల్ అందదు. వేసవిలో కూడా రాత్రిళ్లు గడ్డకట్టే చలి. పాంగ్ గుడారాలు ఎంత దూరమన్నది అప్పుడు ప్రాణాల లెక్క.

పెట్రోలు ఉండి కూడా బండి నడవకపోతే మొదట అనుమానించాల్సింది గాలిని. ఈ బుల్లెట్లలో పంపు లేదు, పెట్రోలు సొంత బరువుతోనే కార్బురేటర్‌లోకి దిగుతుంది. దిగిన మేరకు పైనుంచి గాలి లోపలికి రావాలి. కంపెనీ మూతలో అందుకు సన్నని దారి ఉంటుంది. ఇంటి ట్యాంకుకు ఏదో డబ్బా మూత బిగిస్తారు, సూదంత బెజ్జం పెడతారు, దాన్ని దుమ్ము సగం పూడ్చేస్తుంది. ఊళ్లో ఆగి ఆగి నడుపుతారు కనుక లోపం బయటపడదు. కొండెక్కేటప్పుడు బయటి గాలి పలచబడుతుంది, ట్యాంకులోని గాలి వ్యాకోచించి పెట్రోలును తోస్తుంది. అలా ఎక్కుడు ఆ లోపాన్ని కప్పిపెడుతుంది. దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరిగి వ్యవహారం తిరగబడుతుంది. మూత వదులు చేయగానే సుయ్‌మని గాలి పీల్చుకుంటే జబ్బు తెలిసినట్టే. బెజ్జం శుభ్రం చేయాలి. పెద్దది చేయాలంటే మూత ఊడదీసి, పెట్రోలుకు దూరంగా వెళ్లి చేయాలి.

సుయ్‌మనకపోతే? ఇంజిన్ చల్లారాక కార్బురేటర్ దగ్గర గొట్టం లాగి సీసాలోకి వదిలి చూడాలి. ధార బాగా మొదలై సన్నబడితే అదీ గాలి సమస్యే. మొదట్నుంచీ సన్నగా వస్తే కుళాయి జాలీలో వెల్డింగ్ తుక్కో, తుప్పో, లోపల పూసిన పూత పెచ్చులో ఇరుక్కున్నాయి. కొత్త ట్యాంకును కడగకుండా బిగించిన పాపం అది. గొట్టం మధ్యలో వంపు పైకి లేస్తే అక్కడ గాలిబుడగ నిలుస్తుంది. ట్యాంకు ఛాసిస్‌కు రెండు వైపులా జారేలా చేయించి కుళాయి ఒకవైపే పెడితే, రెండోవైపు అడుగున మిగిలిన లీటర్లు దిగవు. బండిని కుళాయి వైపు ఒరగదీస్తే అవి ఇటు చేరతాయి. కార్బురేటర్ కన్నా కిందికి దిగిన ట్యాంకులో మాత్రం అడుగు పెట్రోలు అలంకారానికే.

ధార నిండుగా ఉండి, పొగ నల్లగా వస్తూ ప్లగ్ మసిబారితే ట్యాంకును తిట్టి లాభం లేదు. 5,000 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగం చిల్లర. పెట్రోలు చాలక కాదు, ఎక్కువై ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతోందన్న మాట.

వీటన్నిటికన్నా భయపడాల్సింది అతుకు దగ్గర చెమ్మ. సైలెన్సర్ మీద పడే ఒక్క చుక్క చాలు. వాడిన ట్యాంకు అతుకు వేయిస్తే ఖాళీదైనా ఆవిరి అంటుకుంటుంది. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నమూనా నుంచి మార్పులను ఒప్పుకోదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట గట్టిగా చెప్పింది.

కాలం కూడా మారింది. 2020లో బీఎస్-6 నిబంధనలతో కొత్త బుల్లెట్లలో కార్బురేటర్ పోయింది, పెట్రోలు పంపు ట్యాంకులోనే చేరింది. అలాంటి ట్యాంకు చేయడం సందులోని వెల్డర్ పని కాదు. పాత బుల్లెట్ల వాళ్లకు ఆ ఏడాదే ఇంకో నష్టం జరిగింది. అంతకుముందు 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ ఎక్కి, కోక్సర్‌కు 800 మీటర్లకు పైగా దిగితే గానీ తాండీ వచ్చేది కాదు. ట్యాంకు ఊపిరి సరిగ్గా ఆడకపోతే చాలాసార్లు ఆ దిగుడులోనే, ఊళ్లు అందుబాటులో ఉండగానే బయటపడేది. 2020 అక్టోబరులో తెరిచిన అటల్ సొరంగం రెండు ముఖాల మధ్య ఎత్తు తేడా 11 మీటర్లే. ఇప్పుడు ఆ దారిన వచ్చే ట్యాంకుకు మొదటి పెద్ద దిగుడు బారాలాచా అవతలే.