కరెక్టే, కానీ ఒప్పేనా?

మన ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు ‘కరెక్టు’ అంటామో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. చిల్లర కరెక్టు, జాకెట్టు కొలత కరెక్టు, కూరలో ఉప్పు కరెక్టు. మా కోనసీమలో అయితే ‘ఆయ్, కరెక్టేనండి’ అనందే మాట పూర్తవదు. ఇంగ్లీషు మాటే అయినా మన పోపులడబ్బాలా వంటింట్లో కుదురుకుపోయింది. దానిమీద నాకు కోపమేమీ లేదు.

అయితే ఇంగ్లీషువాళ్ళు దాన్ని మనలా అన్నిచోట్లా వాడరు. ముందే ఒక లెక్కో నియమమో ఉండి, దానికి సరిపోతే కరెక్టు. కూడిక, స్పెల్లింగు, చిరునామా ఇలాంటివన్నమాట. ఉప్పు తగినంత పడితే ‘జస్ట్ రైట్’ అంటారు గానీ కరెక్టనరు. ఉప్పు సంగతి నాలుక చెప్పాలి కదండీ! మనం ‘ఆయన చాలా కరెక్టు మనిషి’ అంటే అబద్ధమాడడు, బాకీ ఎగ్గొట్టడు అని. అదే మాట ఇంగ్లీషులో అంటే మర్యాదలన్నీ పద్ధతి తప్పకుండా పాటించే మనిషని. పిల్లలకు ఇంగ్లీషు చెప్పేటప్పుడు ఈ తేడా కూడా చెప్పండి.

ఈ మాటకి మూలం లాటిన్ భాషలో ఉంది. వంకర తీసి తిన్నగా చెయ్యడమని అర్థం. అంటే మన దిద్దడమే. కాకపోతే మనం అక్షరాలతోపాటు బొట్టు కూడా దిద్దుతాం.

ఇక అసలు సంగతికొస్తాను. మా మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం. స్వామికి కల్యాణం జరిపిస్తే పెళ్ళి కుదురుతుందని ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. అందుకని మా ఊళ్ళో పెళ్ళిమాటలకు కరువుండదు. ‘జాతకం కరెక్టు, చదువు కరెక్టు, ఎత్తు కరెక్టు, ఇంకేం చూడాలి?’ అంటారు పెద్దలు. పిల్ల మాత్రం తలొంచుకుని కూర్చుంటుంది.

దీనికి మనకో చక్కని మాట ఉంది, ఒప్పు. తప్పు కానిదీ ఒప్పే, మనసు సమ్మతించడమూ ఒప్పే, పాత పద్యాల్లో అందంగా ఉండడమూ ఒప్పే. 1852లో అచ్చయిన బ్రౌన్ దొర నిఘంటువులోనూ ఈ మాటకి సమ్మతి అనే అర్థం ఉంది. ‘సంబంధం కరెక్టే కదా?’ అంటే పక్కింటి పిన్నిగారైనా జవాబు చెప్పేస్తారు. ‘నీకు ఒప్పేనా?’ అంటే పిల్లే చెప్పాలి.

ఆమధ్య మా బంధువులమ్మాయికి అలాగే అన్నీ కరెక్టుగా కుదిరాయి. తాంబూలాలకు రోజు కూడా చూశారు. పెరట్లోకి తీసుకెళ్ళి, ‘నీకు ఒప్పేనా అమ్మా?’ అని అడిగాను. కాసేపు కొబ్బరాకు చీలుస్తూ నిలబడి, ‘ఉద్యోగం మానెయ్యమన్నారు పిన్నీ, నాకిష్టం లేదు’ అంది. అప్పటిదాకా ఆ పిల్లను ఆ ముక్క ఎవరూ అడగలేదు! వాళ్ళ నాన్నగారికి చెప్పాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదాయన. మూడోనాడు తాంబూలాలు ఆపేశామని కబురు పంపారు.