మూడో పిన్ను

నవంబరు 4
పాత ట్రావెలర్ వ్యాను కొన్నాను. సీట్లు పీకించి మంచం, సింకు, ఇండక్షన్ పొయ్యి పెట్టించాను. మా ఆవిడ చూసింది. "ఉన్న ఇంటికే సున్నం లేదు."

నవంబరు 5
రాణిగంజ్. లెక్క కాగితం మీద వేసుకుని వెళ్లాను. పొయ్యి 2000 వాట్లు. 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ప్లగ్గు ఆగదు, 16ది కావాలి. వైరు త్రీకోర్, 2.5 స్క్వేర్ ఎంఎం, రాగిది, 30 మీటర్లు.
కొట్టతను కాగితం చూడలేదు. నన్ను చూశాడు. "బోరుకా సార్?"

అదే రోజు
కన్వర్టరు చూపించాడు. ఒకవైపు 16 ప్లగ్గుకి బొక్కలు, ఇంకోవైపు 6 సాకెట్‌లో దూరే సన్న పిన్నులు. "అందరూ ఇదే పట్టుకెళ్తారు." అందరిళ్లలోనూ నల్లబడ్డ స్విచ్‌బోర్డు ఒకటి ఉంటుంది. వద్దన్నాను.

నవంబరు 9
అబ్బాయి ఫోను, డల్లాస్ నుంచి. అక్కడ ఇలాంటి బళ్లు ఆగే చోట స్తంభానికే సాకెట్లుంటాయట. 30 ఆంపియర్లది ఒకటి, 50ది ఒకటి. "నువ్వెక్కడ పెడతావ్ నాన్నా?"
ఆ సంగతి ఆలోచించలేదు.

నవంబరు 12
రైల్వే ఉద్యోగంలో, లాలాగూడలో ఉన్నన్నాళ్లూ ట్రెయిన్ లైటింగే. బోగీకి 110 వోల్టుల డీసీ. ఇరుసు తిరిగితే బెల్టు, బెల్టు తిరిగితే ఆల్టర్నేటరు. నెత్తిన తీగలో 25,000 వోల్టులు. భయమెరగను. ఇవాళ ప్లగ్గు బిగించడానికి రెండు కళ్లజోళ్లు మార్చాను.
ఎర్త్ పిన్ను మిగతా రెంటికన్నా పొడుగు, లావు. ముందు తగలాలి, ఆఖర్న వదలాలి.

నవంబరు 14
ట్రయల్. మెట్టుగూడలో మా కిటికీలోంచి కిందకి వైరు. 10 మీటర్లు చాలింది. మిగతాది చుట్టగానే వదిలేశాను. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పక్కింటి పిల్లి వచ్చి చుట్ట మీద పడుకుంది. ఎంతకీ లేవదు. అనుమానమొచ్చి చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.
చుట్ట విప్పి నేల మీద పరిచాను. పిల్లి వెళ్లిపోయింది, వెనక్కి తిరిగి చూస్తూ.
పైవాటా ఆయన: "మీటరు ఎవరిదండీ?"

నవంబరు 17
శ్రీశైలం రోడ్డు. ఢాబా. చీకటి పడింది. గోడకి 16 సాకెట్, కొత్తది. టెస్ట్ ల్యాంపు తీశాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే వెలిగింది. ఫేజుకీ ఎర్తుకీ వెలగలేదు.
ఓనరు తొంగిచూశాడు. "బల్బు పోయినట్టుంది సార్."
మూత విప్పించాను. ఆకుపచ్చ వైరు ఉంది. జానెడు. రెండో కొస ఉత్తినే వేలాడుతోంది.

అదే రాత్రి
పొయ్యి ముట్టించలేదు. ఆవిడ పెరుగన్నం తెచ్చింది, దబ్బకాయ ఊరగాయ. స్పూను కోసం సంచిలో చెయ్యి పెట్టాను. కన్వర్టరు తగిలింది.
"అందరూ పట్టుకెళ్తారన్నాడు కదండీ."